నలభై రెండు గజాల గది

ఏటా జూన్ వచ్చేసరికి హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి, మదీనా దుకాణాల ముందు బుల్లి టైలు వేలాడతాయి. ముడి ముందే వేసి, వెనక ఎలాస్టిక్ కుట్టిన రకం. మూడేళ్ల బిడ్డ మెడకు సరిగ్గా సరిపోతాయి. లాల్‌దర్వాజా అయినా, తలాబ్‌కట్ట అయినా ఇంటివాళ్ల లెక్క ఒకటే: టై, బెల్టు, బూట్లు, వీపుకన్నా పెద్ద సంచి వచ్చాయంటే పిల్లవాడు బడిలో పడ్డట్టు. ఆ తర్వాత రోజూ సాయంత్రం సంచిలోంచి నోటుబుక్కు తీసి చూస్తారు. పేజీ నిండి ఉంటే కట్టిన ఫీజు గిట్టినట్టు, ఖాళీగా ఉంటే టీచర్‌ను నిలదీయాల్సినట్టు.

నర్సరీ బడి మంచిచెడ్డలు తేల్చడానికి అంతకన్నా పనికిమాలిన కొలత ఇంకోటి లేదు.

ఆ పేజీ నింపడానికి ఆ చిన్న చేయి పడే తిప్పలు చూడండి. పుట్టినప్పుడు బిడ్డ మణికట్టులో గట్టి ఎముక ఉండదు. అక్కడ ఉండాల్సిన ఎనిమిది చిన్న ఎముకలూ అప్పటికి మెత్తటి మృదులాస్థే. ఏళ్లు గడిచేకొద్దీ ఒకటొకటిగా గట్టిపడతాయి. చివరిది గట్టిపడేసరికి ఎనిమిదేళ్లు దాటతాయి, కొందరికి పన్నెండూ వస్తాయి. మూడేళ్లకు సగం కూడా తయారు కాని ఆ మణికట్టుతో సన్న పెన్సిలు పట్టించి, నాలుగు గీతల మధ్య అక్షరం ఇమడ్చమంటే బిడ్డ భుజం బిగబట్టి రాస్తాడు. మొన విరుగుతుంది, కాగితం చిరుగుతుంది, నాలుక బయటికి వస్తుంది. చివరికి టీచరే చేయి పట్టి రాయిస్తుంది. సాయంత్రం ఇంట్లో మురిసిపోయి చూసే గీతల్లో సగం టీచరువే.

ఈ విషయం పెద్దవాళ్లకు ముందే తెలుసు. తెలుగిళ్లలో అక్షరాభ్యాసం చేసేటప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో బియ్యం పోసి, వేలితో రాయిస్తారు. వేలు ఎటు పోయినా బియ్యం ఏమీ అనదు, చెరిపేసి మళ్లీ రాయొచ్చు. పాతబస్తీ ముస్లిం ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా చేస్తారు. కొత్త బట్టలు తొడిగి, పెద్దల ముందు కూర్చోబెట్టి, మాట పలికించి, మిఠాయిలు పంచుతారు. ఆ ముహూర్తం రెండున్నరేళ్లకు పెట్టలేదని గమనించాలి. ఒక వేడుకలో వేలు, ఇంకో వేడుకలో నోరు ముందు నడుస్తాయి. కలం సంగతి తర్వాత. ఇంట్లో ఇంత చక్కగా మొదలైన చదువు నెల తిరక్కుండా నాలుగు గీతల కాపీలో చిక్కుకుంటోంది.

అసలు ఇలాంటి బళ్లు పుట్టింది కలవారి కాలనీల్లో కాదు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో మరియా మాంటిస్సోరీ తన మొదటి బాలల ఇల్లు తెరిచారు. దాని వెనక కారణం చాలా మామూలుది. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ కొత్తగా బాగుచేసిన గోడలు పాడుచేస్తున్నారు, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టండి అని ఇళ్ల యజమానులు అడిగారు. 1914లో లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్ మురికివాడలో మార్గరెట్, రేచల్ మెక్‌మిలన్ అక్కాచెల్లెళ్లు పెట్టిన నర్సరీ బడిలో చదువుకన్నా ముందు స్నానం, కడుపునిండా తిండి, నిద్ర, ఆడుకోవడానికి తోట ఉండేవి. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం మొదలుపెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ ఆ పద్ధతిని ఠాణే జిల్లా ఆదివాసీ గూడేల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలన్నది ఆమె పట్టు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు సాయంతో దేశంలో ఎన్నో బాల్వాడీలు నడిచాయి. ఆ తర్వాత 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది, అంగన్‌వాడీ ఊరూరికీ వచ్చింది.

అంటే సాన్ లొరెంజోకు అసలు వారసురాలు గల్లీలో ఉన్న అంగన్‌వాడీయే. తెలుగునాట మాంటిస్సోరీ అన్న బోర్డు పదో తరగతి దాకా ఉన్న బడికి కూడా కనిపిస్తుంది. లోపల బెంచీలు, బెత్తం, యూనిట్ టెస్టులు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు మరి.

ఇక గది సంగతి. 2013లో కేంద్రం తెచ్చిన జాతీయ బాల్యారంభ సంరక్షణ, విద్యా విధానం కొన్ని కనీస ప్రమాణాలు రాసింది. 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలి. బయట ఇంకో 30 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్లలోపు వాళ్లయితే పదిమందికి ఒకరు. తాగేనీళ్లు, మరుగుదొడ్డి, వండిన భోజనం, కాసేపు కునుకు. పాతబస్తీ లెక్కలో చెప్పుకుంటే గది 42 గజాలు, ఆటస్థలం 36 గజాలు. ఇక్కడ జాగా విలువ అందరికీ తెలుసు. 60 గజాల ఇంట్లో రెండు కుటుంబాలు సర్దుకునే గల్లీలున్నాయి. పిల్లలకు 78 గజాలు ఎక్కడినుంచి తెస్తారు? అద్దె ఇంటి ముందు గదిలో నడిచే అంగన్‌వాడీకి సగం జాగాను బియ్యం బస్తాలు, పిల్లల పోషకాహారం బాలామృతం ప్యాకెట్లు, రిజిస్టర్ల బీరువాయే మింగేస్తాయి. ప్రైవేటు నర్సరీ పరిస్థితీ ఏమంత మెరుగు కాదు. మూడంతస్తుల ఇంట్లో బెంచీలు వరసగా వేస్తే పిల్లలు నడవడానికి దారి మిగలదు. బెంచీలు తీసేస్తే అదే గదిలో ముప్పైమంది గుండ్రంగా కూర్చోవచ్చు. కానీ బెంచీ లేకపోతే అది బడిలా కనిపించదని యాజమాన్యం భయం, తల్లిదండ్రుల అనుమానం.

జాగా దొరకదన్న మాటను పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. బస్తీల్లో జీహెచ్ఎంసీ కట్టిన కమ్యూనిటీ హాళ్లున్నాయి. చాలావాటిలో పెళ్లిళ్లు, దావత్‌లు సాయంత్రాలే. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా తాళం వేసి ఉండే హాలును పసిపిల్లలకు ఇవ్వడానికి కొత్త భవనం, కొత్త టెండరు అవసరం లేదు. కావాల్సిందల్లా ఒక ఉత్తర్వు, ఊడ్చే మనిషి, పిల్లల ఎత్తుకు రెండు మరుగుదొడ్లు.

మరుగుదొడ్డి దగ్గరే భాష సంగతీ తేలిపోతుంది. ఇంగ్లీషు మీడియం నర్సరీలో చేరిన బిడ్డకు మొదటి వారంలో నేర్పే వాక్యం ‘మే ఐ గో టు టాయిలెట్, మిస్’. అంత పొడుగు వాక్యం గుర్తొచ్చేలోగా నిక్కరు తడుస్తుంది. తర్వాత నవ్వులు, ఆయమ్మ విసుగు, మర్నాడు బడికి పోనని ఏడుపు. ఇంట్లో అయితే ‘ఒంటికి’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోయేది. ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డకూ అలాంటి మాట ఒకటుంటుంది, అది అర్థమయ్యే మనిషి గదిలో ఉంటే చాలు. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు, ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు ఇద్దరూ 40 శాతానికి పైనే. గౌలిపురా, ఉప్పుగూడ, ఛత్రినాక వైపు తెలుగు గట్టిగా వినిపిస్తుంది, యాకుత్‌పురా, మొఘల్‌పురా వైపు దక్కనీ ఉర్దూ. శాలిబండలో ఒకే మెట్ల మీద రెండూ వినిపిస్తాయి. మేకను చూసి ఒక బిడ్డ మేక అంటే పక్క బిడ్డ బక్రీ అంటాడు. వారం తిరిగేసరికి ఇద్దరికీ రెండు మాటలూ వస్తాయి. దీనికి సిలబస్ అక్కర్లేదు, ఇద్దరినీ నోరు మూసుకోమనకుండా ఉంటే చాలు.

తల్లిదండ్రుల ఇంగ్లీషు కోరికను వెటకారం చేయడం కొందరు పండితులకు అలవాటు. అది అన్యాయం. ఆటో నడిపే తండ్రికి, జర్దోజీ మగ్గం మీద వంగి కూర్చునే తల్లికి ఇంగ్లీషు లేక ఏం పోగొట్టుకున్నారో బాగా తెలుసు. వాళ్ల కోరిక న్యాయమైందే, వేసిన దారే తలకిందులు. ఇంటి భాషలో కథ విని, ‘ఎందుకు’, ‘తర్వాతేమైంది’ అని అడగడం నేర్చిన బిడ్డకు ఆరేడేళ్లకు ఇంగ్లీషు అందుకోవడం కష్టం కాదు. ఏ భాషలోనూ పూర్తి వాక్యం పలకనివ్వని బిడ్డ మాత్రం మూడు భాషల మధ్య మూగగా కూర్చుంటాడు. 2020 జాతీయ విద్యావిధానం, 2022 అక్టోబర్‌లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఇంటి భాషనే పట్టుకోమంటున్నాయి. ఇంగ్లీషు పాటలు పాడించండి, తప్పేం లేదు. టాయిలెట్‌కు పోవడానికి మాత్రం ఇంగ్లీషు పరీక్ష పెట్టకండి.

మరి పొద్దున్న బడిలో ఉండే ఆ నాలుగు గంటలూ పిల్లలు ఏం చేయాలి? దీనికి జవాబు లాడ్‌బజార్‌లో వేలాడుతోంది. గాజుల కొలతలు తెలియని ఆడవాళ్లు ఉండరు: రెండు రెండు, రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది. ఒక్కో కొలతకు మధ్య తేడా కంటికి అందీ అందనట్టుంటుంది, ఒకదాని మీద ఒకటి పెడితే తెలిసిపోతుంది. పగిలే గాజులు వదిలేసి లక్క గాజులో, లోహపువో, ప్లాస్టిక్‌వో ఓ బుట్టెడు నేల మీద పోసి నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒకతను రంగును బట్టి వేరుచేస్తాడు. ఇంకొకామె చిన్నదాంట్లో పెద్దది పట్టించబోయి, పట్టక, తిరగేసి చూస్తుంది. మూడో బిడ్డ గుడిగోపురంలా పేర్చి, పడగొట్టి, మళ్లీ పేరుస్తాడు. నాలుగో బిడ్డ చేతికి తొడుక్కుని పెళ్లికూతురు అవుతుంది. పెద్ద, చిన్న, ఇంకా చిన్న, సమానం, తక్కువ అన్నీ ఆ పదిహేను నిమిషాల్లో చేతికి తెలిశాయి. మాంటిస్సోరీ సామగ్రి పేరుతో వేలరూపాయలకు అమ్మే గులాబీ రంగు దిమ్మెలు నేర్పేది కూడా ఇదే, పెద్దదాన్నుంచి చిన్నదాని దాకా వరస పేర్చడం. లెక్కలకు పునాది అదే. ఒకటి నుంచి వంద దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే బిడ్డను ఐదు గాజులివ్వమంటే గుప్పెడు తీసిస్తే, వాడికి వచ్చింది పాట, లెక్క కాదు.

పాతబస్తీలో ఇలాంటి సరుకుకు కొదవ లేదు. టైలర్ల దగ్గర మిగిలిన సిల్కు, మఖ్మల్, ఖద్దరు ముక్కలు తాకి చూసి జతచేయడానికి. చింతగింజలు లెక్కకు. మీర్ ఆలం మండీ కూరగాయలు వాసనకు, పేర్లకు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉంది. పెద్దవాళ్లే నోరు తెరుచుకుని చూస్తారు. పదకొండింటికి పిల్లల్ని దాని ముందు కూర్చోబెడితే పదకొండు దాకా లెక్క దానంతటదే నడుస్తుంది. బహదూర్‌పురాలో 1963 నుంచి నెహ్రూ జూపార్కు ఉంది. ఏడాదికోసారి బస్సులో తీసుకెళ్లి, వరసగా నడిపించి, ఫొటో తీసి పంపేస్తే ఏమీ రాదు. ఒక్క ఏనుగు దగ్గరే అరగంట నిలబడనిస్తే, తిరిగొచ్చాక వారం రోజులు మాట్లాడుకోవడానికి సరుకు.

ఇదంతా ఊహ అనుకోవద్దు. అంబేడ్కర్ యూనివర్సిటీ ఢిల్లీ, అసర్ సెంటర్ కలిసి 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో దాదాపు 14 వేల మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించాయి. ఎక్కువమంది పిల్లలు ఏదో ఒక పూర్వప్రాథమిక బడికి పోతూనే ఉన్నారు. అయినా ఒకటో తరగతి గడప తొక్కేనాటికి రావాల్సినవి చాలామందికి రాలేదు. అంగన్‌వాడీల్లో ఆటపాటలకు దొరికే సమయం తక్కువ. ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతి పాఠాన్నే కిందికి దింపి బట్టీ పట్టిస్తున్నారు. వయసుకు తగ్గ ఆట, మాట ఉన్నచోట పిల్లలు మెరుగ్గా నిలబడ్డారు. అది పల్లెల కథ అయినా, పాతబస్తీ గల్లీలో కనిపించేదీ అదే.

అమెరికాలో ఇంకా పాత సాక్ష్యం ఉంది. మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962 నుంచి 1967 దాకా నడిచిన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మంది. 58 మందిని బడిలో చేర్చారు, 65 మందిని చేర్చలేదు. నలభై ఏళ్లు వచ్చేదాకా వాళ్ల బతుకులు వెంబడించి చూస్తే, బడికి వెళ్లినవాళ్లే ఎక్కువ చదివారు, ఎక్కువ సంపాదించారు, పోలీసు కేసుల్లో తక్కువ ఇరుక్కున్నారు. ఆ బడి రోజుకు రెండున్నర గంటలే. కానీ టీచర్ వారానికోసారి బిడ్డ ఇంటికి వెళ్లి తల్లితో గంటన్నర కూర్చునేది. ఆ ప్రయోగం గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ ముక్క తరచూ మరిచిపోతారు. గల్లీ దాటి రాని తల్లులు ఎక్కువగా ఉన్న పాతబస్తీకి అన్నిటికన్నా పనికొచ్చేది అదే. అంగన్‌వాడీ టీచర్లకు గృహసందర్శన డ్యూటీ ఎటూ ఉంది. పోయి తూకాలు, టీకాల లెక్క రాసుకుని రావడం తప్ప, బిడ్డ ఏం మాట్లాడుతోందని అడిగే తీరిక వాళ్లకు లేదు.

తీరిక ఎక్కడిది? ఒక టీచర్, ఒక ఆయా. గర్భిణుల భోజనం, బాలింతల లెక్క, పాలు, గుడ్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్, రిజిస్టర్లు, సర్వేలు, చాలాచోట్ల ఓటరు జాబితా పని కూడా. 2021లో పెంచిన తర్వాత తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనం 13,650 రూపాయలు, ఆయాకు 7,800. వేతనం ముందు గౌరవం అని తగిలించడం ఎందుకో, జీతం అంటే హక్కవుతుందని కాబోలు. వాళ్లకు గ్రాట్యుటీ చెల్లించాలని చెప్పడానికి కూడా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. గల్లీ ప్రైవేటు నర్సరీల్లో ఇంటర్ పాసై పెళ్లికి ఎదురుచూస్తున్న అమ్మాయిలే ఎక్కువగా టీచర్లు, ఏడాది తిరిగేలోగా మానేస్తారు. మూడేళ్ల బిడ్డకు సిలబస్ మారితే తెలియదు. తనకు ముక్కు తుడిచిన మనిషి రాకపోతే మాత్రం ఆ రోజే తెలుస్తుంది. నర్సరీ బడి నాణ్యతలో ముప్పాతిక భాగం ఆ మనిషి నిలకడే.

అంగన్‌వాడీల సంఖ్య మాట చెప్పక తప్పదు. జనాభాలో 400 నుంచి 800 మందికి ఒక కేంద్రం ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన. 2011 జనగణనలోనే 39 లక్షలు దాటిన హైదరాబాద్ జిల్లాకు, 800 లెక్కనే తీసుకున్నా, 4,900 కేంద్రాలు కావాలి. ఉన్నవి చార్మినార్ ఐసీడీఎస్ ప్రాజెక్టుతో సహా మొత్తం తొమ్మిది వందల పైచిలుకు. కలిగినవాళ్లు అక్కడికి రారని సగానికి సగం కోసేసినా తూకం కుదరదు. ఆ ఖాళీలోనే టైల బేరం సాగుతోంది. ఈమధ్య ‘అమ్మ మాట, అంగన్‌వాడీ బాట’ అంటూ ప్రచారం చేశారు, 2025లో పిల్లలకు ఎగ్ బిర్యానీ కూడా మొదలుపెట్టారు. బిర్యానీ విషయంలో పాతబస్తీకి ఎవరూ చెప్పనక్కర్లేదు గానీ, మంచి పనే. బిడ్డ తిండికోసం వచ్చినా రానివ్వాలి. తిన్న తర్వాత గంటసేపు కథ చెప్పే రెండో టీచర్ ఏది అన్నదే ప్రశ్న. కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో ప్రీ ప్రైమరీ తరగతులు కూడా తెరిచారు. అవి అంగన్‌వాడీ పిల్లల్నే లాక్కుంటే ఒక గది నిండి ఇంకో గది ఖాళీ అవుతుంది తప్ప, కొత్తగా ఒక్క బిడ్డకూ చోటు దొరకదు.

చట్టం కూడా ఈ వయసు దగ్గరికి రాగానే గొంతు తగ్గించింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. కింది వయసు గీత గీయలేదు. 2002 రాజ్యాంగ సవరణ, 2009 విద్యాహక్కు చట్టం ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్లకు కుదించాయి. ఆరేళ్లలోపు పిల్లల కోసం రాజ్యం ప్రయత్నించాలి అని 45వ అధికరణంలో ఒక వాక్యం మిగిలింది. ప్రయత్నించాలి అన్నదాన్ని పట్టుకుని కోర్టుకు పోవడం కష్టం. అందుకే బడ్జెట్‌లో చివరి వరస వీళ్లదే.

అడ్మిషన్ల బోర్డులు వేలాడే రోజుల్లో బడి చూడ్డానికి పోయే తల్లిదండ్రులు ఫీజు, వ్యాను, మీడియం అడుగుతారు. వాటితోపాటు ఇంకో నాలుగు మాటలు అడగొచ్చు. ఈ టీచర్ ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంది? ఆయమ్మకు మా ఇంటి భాష వస్తుందా? మరుగుదొడ్డి ఒకసారి చూపిస్తారా? పదిన్నరకు వచ్చి గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబడనిస్తారా? ఆ ఐదు నిమిషాల్లో గోడల మీది కార్టూన్ బొమ్మల్ని పట్టించుకోవద్దు, ఎవరి గొంతు వినిపిస్తోందో చూసుకోవాలి. టీచర్ ఒక్కర్తే అరుస్తూ పిల్లలు కోరస్‌గా అందిస్తుంటే ఒక రకం. నలుగురైదుగురు పిల్లలు దేని గురించో వాదించుకుంటూ, ఒకరు ఆపా అనో టీచరమ్మా అనో పిలిచి ఫిర్యాదు చేస్తుంటే, ఆమె మోకాళ్ల మీద కూర్చుని వింటుంటే, ఆ గది 42 గజాలకు రెండు గజాలు తక్కువైనా బిడ్డను చేర్చేయొచ్చు.